మొక్కు తీర్చలేదని వరద వచ్చిందా?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. మా అబ్బాయికి ఎనిమిదో నెలలో న్యుమోనియా వచ్చి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, వాడు బతికితే నీ సేవకే ఇస్తానని దేవుడికి మొక్కుకున్నాను. బతికాడు. ఇప్పుడు వాడికి 22 ఏళ్లు, బీటెక్ అయింది. బైబిల్ కాలేజీకి వెళ్లనంటున్నాడు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకు మా ఇల్లు మునిగింది. నా నాలుగు కుట్టు మిషన్లు, జనం ఇచ్చిన బట్టలు అన్నీ పోయాయి. తర్వాత మా ఆయనకు గుండెకు స్టెంట్ వేశారు. మా ప్రార్థన కూటంలో ఒక పెద్దావిడ ఉన్నారు, ఆవిడ ఉండేవైపు నీళ్లు రాలేదు. "దేవుడికిచ్చిన మాట తప్పావు, అందుకే ఇదంతా" అని బైబిల్లో శాపాలున్న అధ్యాయాలు లేవీయకాండం 26, ద్వితీయోపదేశకాండం 28 గుర్తు పెట్టి ఇచ్చారు. శాపం తెగాలంటే 21 రోజులు ఉపవాసం ఉండి, ఒకరి దగ్గర ప్రత్యేక ప్రార్థన చేయించుకుని, 50 వేలు కానుక ఇవ్వాలంటున్నారు. నాకు షుగర్. రోజూ రాత్రి లేవీయకాండం 26 తెరుస్తాను, 39వ వచనం దాకా చదివి భయంతో మూసేస్తాను. మొన్న కోపంలో అబ్బాయితో "నీ వల్లే ఇదంతా" అనేశాను. అప్పటి నుంచి వాడు చర్చికి రావడం లేదు. వరద సాయం 25 వేలు మా పేరున వచ్చాయి. వెనక పోర్షన్‌లో అద్దెకుండే భర్త లేని ఆవిడకు సగం ఇస్తానన్నాను, అవీ ఖర్చయిపోయాయి, ఆ బాధ ఒకటి. దేవుడు నన్ను శిక్షిస్తున్నాడా? ఏం చేస్తే ఇది ఆగుతుంది?
— ఒక తల్లి, విజయవాడ

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు మీ భయం కనిపించింది. రెండోసారి చదివితే మీ అబ్బాయి కనిపించాడు. కాబట్టి నా జవాబు మొత్తం చదవకముందే ఒక పని చేయండి. వాడు ఇంటికి రాగానే కూర్చోబెట్టి, "నేనన్న మాట తప్పు. వరద నీ వల్ల రాలేదు. నాన్న గుండె నీ వల్ల పాడవలేదు" అని చెప్పండి. చుట్టూ తిప్పకుండా, ఈ మాటల్లోనే చెప్పండి. ఇంటి కష్టానికంతటికీ తానే కారణమని ఒక పిల్లాడు లోపల నమ్మేస్తే, ఆ మాట వాడి మనసులోంచి తీయడం తర్వాత ఎంత కష్టమో నేను చూశాను. ఆ సంగతి కింద చెప్తాను.

ముందు వరద గురించి. బుడమేరు వాగు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలుస్తుందని మీకు నేను చెప్పనక్కర్లేదు. దానికి బెజవాడ దుఃఖదాయని అన్న పేరు మీ అబ్బాయి పుట్టక ముందు నుంచీ ఉంది. ఆ ఆగస్టు చివర కుంభవృష్టి కురిసింది, గట్లు మూడు చోట్ల తెగాయి. మళ్లింపు కాలువ నీళ్లు కృష్ణలో కలవాలి, కానీ ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణే 11 లక్షల క్యూసెక్కులు దాటి వస్తోంది. ఆ నీళ్లు మీ వీధిలోకి వచ్చినప్పుడు మీ గుమ్మం ఒక్కటే వెతుక్కోలేదు. చర్చిలు, గుళ్లు, మసీదులు, అప్పుడే పుట్టిన పిల్లలున్న ఇళ్లు, మంచం మీద నుంచి లేవలేని ముసలివాళ్లున్న ఇళ్లు అన్నీ మునిగాయి. మీరొక్కరు మాట తప్పినందుకు దేవుడు వాళ్లందర్నీ ముంచాడా? మీ కూటంలో పెద్దావిడను ఈ ఒక్కమాట అడగండి. గౌరవంగానే అడగండి.

ఇలాంటి ప్రశ్న యేసుప్రభువు ముందుకూ వచ్చింది. లూకా 13లో ఉంది. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయారు. యెరూషలేములో ఉన్నవాళ్లందరిలో ఆ పద్దెనిమిది మందీ ఎక్కువ పాపులనుకుంటున్నారా అని ప్రభువే అడిగి, కారని ఆయనే చెప్పాడు. అక్కడితో ఆగలేదు. మీరు మారుమనస్సు పొందకపోతే మీరందరూ అలాగే నశిస్తారని అక్కడున్నవాళ్లనే హెచ్చరించాడు. చూడండి, హెచ్చరికను ఆయన కొట్టిపారేయలేదు. చచ్చిపోయినవాళ్ల మీద నుంచి తీసి, బతికి నిలబడి వింటున్నవాళ్ల ముందు పెట్టాడు. ఆ పెద్దావిడ చేసింది దీనికి సరిగ్గా తిరగేసిన పని. తన ముందు పెట్టుకోవలసిన వాక్యాన్ని నీళ్లలో మునిగిన మీ మీద పెట్టారు.

పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిందీ ఇదే, వీడు పాపం చేశాడా, వీడి కన్నవాళ్లా అని. "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అన్నాడు ప్రభువు. పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు స్నేహితులు కూడా అతని కష్టాన్ని చూసి లెక్క వెనక్కి కట్టారు. ఇంత కష్టం వచ్చిందంటే అంత పాపం ఉండే ఉంటుందని పేజీలకు పేజీలు మాట్లాడారు. చివరికి దేవుడికి కోపం వచ్చింది వాళ్ల మీద. ఆ పుస్తకం 42వ అధ్యాయం చూడండి, వాళ్ల కోసం యోబే ప్రార్థన చేయాల్సి వచ్చింది.

మరి అవిధేయతకు ఫలితం ఉంటుందన్న మాట ఉత్తదా? ఎంతమాత్రం కాదమ్మా. మీ భయం తగ్గించడానికని నేను వాక్యాన్ని పలచన చేయను. "మోసపోకుడి, దేవుడు వెక్కిరింపబడడు, మనుష్యుడు ఏమి విత్తునో ఆ పంటనే కోయును" అన్న మాట కొత్త నిబంధనలోదే, గలతీయులకు రాసింది. తాగుడు ఇంటిని తినేయడం మనం చూస్తూనే ఉన్నాం. అబద్ధం మీద కట్టిన వ్యాపారం కూలుతుంది, తల్లిదండ్రులను రోడ్డున పడేసినవాడి పిల్లలు అదే నేర్చుకుంటారు. ఇశ్రాయేలు చరిత్ర మొత్తం ఈ మాటకు సాక్ష్యం. క్రీస్తుపూర్వం 722 ప్రాంతంలో ఉత్తర రాజ్యపు రాజధాని షోమ్రోను అష్షూరు రాజ్యం చేతిలో పడిపోయింది, 586 ప్రాంతంలో బబులోను వాళ్లు యెరూషలేము మందిరాన్ని కాల్చేశారు. మోషే ముందే చెప్పిన శాపమే మా మీద కుమ్మరించబడిందని దానియేలు 9వ అధ్యాయంలో ఒప్పుకుంటాడు.

కానీ ఆ హెచ్చరికలు ఎవరికి, ఎప్పుడు, దేని గురించి చెప్పారో చూడాలి. ద్వితీయోపదేశకాండం 28లో 68 వచనాలున్నాయి. మొదటి 14 దీవెనలు, మిగతా 54 శాపాలు. మోయాబు మైదానంలో, యొర్దాను దాటకముందు, దేవుడితో నిబంధన చేసుకున్న ఒక జనాంగానికి మోషే ఇవి చెప్పాడు. ఏది జరిగినా ముందుగా తెలియాలని, ఇంకా తిరగడానికి దారి ఉండగానే చెప్పాడు. ఆ తర్వాత దేవుడు వందల ఏళ్లు ఆగాడు. తన జనం మీద జాలితో పదేపదే దూతలను పంపాడని దినవృత్తాంతముల రెండో గ్రంథం చివరి అధ్యాయంలో ఉంది. ఆ ప్రవక్తలు ఎవరినీ చీకట్లో వదల్లేదు. మీరు విగ్రహాలను పూజించారు, చెప్పుల జోడు కోసం బీదవాణ్ణి అమ్మేశారు, విధవరాలి వ్యాజ్యం వినలేదు అని పేరుపెట్టి చెప్పారు.

యోనా ప్రవక్త సంగతి చూడండి. ఇంక నలభై రోజులకు నీనెవె నాశనమవుతుందని ఊళ్లో తిరిగి చెప్పాడు. అందులో 'మీరు మారితే' అన్న మాట కూడా లేదు. అయినా రాజు దగ్గర నుంచి అందరూ పశ్చాత్తాపంతో గోనెపట్ట కట్టుకున్నారు, నలభై రోజులూ గడిచాయి, ఊరు నిలిచింది. తను చెప్పింది జరగలేదని యోనాకు కోపం. దేవుడికి లేదు. కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవై వేల మందికి పైగా ఉన్న ఊరి మీద నేను జాలిపడొద్దా అని అడిగాడు. ఆ పుస్తకం ఆ ప్రశ్నతోనే ముగుస్తుంది. హెచ్చరిక చేసిన దేవుడి మనసు తెలియాలంటే నేను అక్కడికే వెళ్తాను. "దుర్మార్గుడు మరణము నొందుటవలన నాకు సంతోషము లేదు" అని యెహెజ్కేలు ద్వారా చెప్పింది కూడా ఆ దేవుడే.

ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. గుంటూరులో చాలా ఏళ్లు సండే స్కూల్ చెప్పాను. తొలి రోజుల్లో ద్వితీయోపదేశకాండం 28 నాకు ఇష్టమైన పాఠం, పిల్లలు నోరెత్తకుండా వినేవాళ్లు. ఒక ఆదివారం తొమ్మిదేళ్ల పిల్లాడు క్లాసు అయ్యాక ఉండిపోయి, "మా నానమ్మ చనిపోయింది నేను రెండు వారాలు సండే స్కూల్‌కి రాలేదనేనా?" అని అడిగాడు. వాడు ఏడవడం లేదు. అప్పటికే నమ్మేశాడు, నన్ను అడుగుతున్నది రూఢి చేసుకోవడానికి. కాదురా అని ఎన్నిసార్లు చెప్పినా వాడి ముఖంలో ఆ నమ్మకం పోవడానికి నెలలు పట్టింది. మీ అబ్బాయి గురించి మొదట్లో తొందరపెట్టింది అందుకే.

మీరు అడగని ప్రశ్న ఒకటి ఉంది, ఆ పెద్దావిడ మాత్రం తప్పకుండా అడుగుతారు. దావీదు కాలంలో మూడేళ్లు కరువు వచ్చింది కదా, అది మాట తప్పినందుకే కదా అని. నిజమే, సమూయేలు రెండో గ్రంథం 21లో ఉంది. గిబియోనీయులకు ఇశ్రాయేలీయులు ప్రమాణం చేసి ఉండగా సౌలు వాళ్లను చంపించాడు. కానీ ఆ కారణం దావీదుకు ఎవరు చెప్పారు? దావీదు దేవుడి దగ్గర విచారణ చేశాడు, దేవుడే చెప్పాడు. దావీదు వేరొకరి భార్య బత్షెబను తీసుకున్న విషయంలోనూ దేవుడు నాతాను ప్రవక్తను ఇంటికి పంపి, చేసిన పాపం ఇదీ, ఫలితం ఇదీ అని ముఖం మీదే చెప్పించాడు. చుట్టుపక్కలవాళ్లు కష్టం చూసి కారణం ఊహించి చెప్తే, ఆ ఊహకు వాక్యం అని పేరు పెట్టకూడదు.

ఇక మీ మొక్కు. మన ప్రాంతంలో మొక్కు అన్న మాటకు బరువు ఎక్కువ. ఫిబ్రవరిలో గుణదల కొండ ఎక్కేవాళ్లలో ఎంతమంది మొక్కు తీర్చుకోవడానికే వస్తారో మీకు తెలుసు. మొక్కు మరిస్తే దేవుడు ఏదో ఒక దెబ్బతో గుర్తు చేస్తాడన్న భయం తరతరాలుగా మన ఇళ్లలో ఉంది, చర్చికి వచ్చేటప్పుడు దాన్ని గుమ్మం బయట విడిచి రాలేదు మనం. పైగా "నీవు మ్రొక్కుకొని చెల్లింపకుండుటకంటె మ్రొక్కుకొనకుండుటయే మేలు" అని ప్రసంగి 5లో ఉండనే ఉంది. మీ మాటను మీరు తేలిగ్గా తీసుకోకపోవడం మంచిదే.

అయితే మీకు గుర్తు పెట్టి ఇచ్చిన లేవీయకాండం 26 ఉంది చూశారా, ఒక్క పేజీ తిప్పితే 27. ఆ అధ్యాయం మొదలయ్యేదే మనుషులను దేవుడికి మొక్కుకున్నవాళ్ల సంగతితో! సరిగ్గా మీ సంగతి. అక్కడ దేవుడు ఆ మనిషిని తెచ్చి అప్పజెప్పమనలేదు. ఆ మనిషికి బదులు ఒక వెల చెల్లించమన్నాడు. ఇరవై నుంచి అరవై ఏళ్ల మగవాడికి యాభై తులాల వెండి. నెల నుంచి ఐదేళ్ల లోపు మగపిల్లవాడికి ఐదు తులాలు. మీరు మొక్కుకున్నప్పుడు మీ వాడికి ఎనిమిది నెలలు. అదీ ఇచ్చుకోలేనంత బీదవాళ్లయితే? ఎనిమిదో వచనం చూడండి. మొక్కుకున్నవాడి శక్తిని బట్టి యాజకుడు వెల నిర్ణయించాలి.

ఈ భాగం నేను మొదటిసారి నిదానంగా చదివిన రోజు చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. బిడ్డ ఊపిరి అందక ఎగరేస్తుంటే తల్లి నోట ఏ మాట వస్తుందో ఆయనకు తెలుసు. ఆ మాట తర్వాత ఆ తల్లికి ఉరి కాకూడదని దారి ముందే పెట్టాడు, అదీ శాపాల అధ్యాయం పక్కనే. మిమ్మల్ని ఐదు తులాల వెండి తూచమని నేను అనడం లేదు. ఆ యాజకులూ లేరు, ఆ మందిరమూ లేదు. మొక్కు విన్నవాడు ఎలాంటివాడో చూడమంటున్నాను.

కొడుకు పుడితే దేవుడికిస్తానని మొక్కుకున్న హన్నా, సమూయేలును షిలోహు మందిరానికి తీసుకెళ్లి ఇచ్చింది కదా అంటారేమో. ఇచ్చింది. కానీ సమూయేలు ప్రవక్త అయింది తల్లి మొక్కుతోనే కాదు. మూడో అధ్యాయంలో ఒక రాత్రి దేవుడు వాణ్ణి పేరుపెట్టి పిలిచాడు, వాడే జవాబు చెప్పాడు. సేవకు పిలుపు మీ అబ్బాయికి రావాలంటే వాడికే రావాలి. అమ్మ భయం తీర్చడానికి బైబిల్ కాలేజీలో చేరిన కుర్రాళ్లను నేను చూశాను. కొందరు నిలబడ్డారు, కొందరు దేవుడి పేరు వింటేనే ముఖం తిప్పుకునేలా అయ్యారు. మీవాడు ఇంజనీరుగా నిజాయితీగా బతికినా దేవుడికి ఇచ్చినట్టే. మీ సంఘ కాపరి మీకు బాగా తెలిసినవారైతే ఆయన దగ్గరకు వెళ్లి మొక్కు సంగతి మొత్తం చెప్పి, కలిసి ప్రార్థించి, మీ తాహతుకు తగ్గ ఒక కృతజ్ఞతార్పణ అనుకోండి. నన్నడిగితే, చంటిబిడ్డను ఆసుపత్రిలో పెట్టుకుని చేతిలో డబ్బు లేక కూర్చున్న తల్లికి మందులు కొనివ్వడం మీ మొక్కుకు చాలా దగ్గరగా ఉంటుంది.

ఆ 50 వేలు మాత్రం ఇవ్వొద్దు. నయమానుకు కుష్ఠు పోయినప్పుడు ఎలీషా ప్రవక్త ఒక్క కాసు తీసుకోలేదు, వెనకాల పరుగెత్తి తీసుకున్న ఆయన పనివాడు గేహజీకి ఏమైందో చదవండి. క్రీస్తు మనకోసం శాపమై ధర్మశాస్త్ర శాపం నుంచి మనల్ని విమోచించాడని గలతీ 3:13లో ఉంది. ఆయన చెల్లించేసినదానికి మళ్లీ రేటు కట్టే హక్కు ఎవరికీ లేదు. 21 రోజుల ఉపవాసం షుగర్ ఉన్నవాళ్లకు ప్రమాదం, డాక్టర్‌ని అడగకుండా ఒక్క రోజు కూడా ఉండకండి. రాత్రుళ్లు నిద్ర పట్టకపోతే ఆ సంగతీ ఆయనకు చెప్పండి.

ఇప్పుడు నా మనసులో అన్నిటికంటే ఎక్కువగా మెదులుతున్న విషయం. ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంలో చెప్పేసి వెళ్లిపోయారు, వెనక పోర్షన్ ఆవిడ సంగతి. కోపంతో అనడం లేదమ్మా. మిషన్లు పోయి, ఆసుపత్రి ఖర్చు నెత్తిన పడితే చేతిలో ఉన్న డబ్బు ఎలా కరిగిపోతుందో నాకు తెలుసు. దీనికీ వరదకూ ముడిపెట్టకండి. ఆ డబ్బు వచ్చిందే వరద తర్వాత. కానీ మీరు నిజంగా ఇచ్చి, ఇంకా నిలబెట్టుకోని మాట ఇదొకటి ఉంది.

సౌలు రాజు చేసింది గుర్తుందా? అన్నీ నాశనం చేయమన్న దేవుడి మాట కాదని అమాలేకీయుల గొర్రెల్లో మంచివాటిని ఉంచేసుకుని, బలి అర్పించడానికే అన్నాడు. "బలులు అర్పించుటకంటె ఆజ్ఞను గైకొనుటయు, పొట్టేళ్ల క్రొవ్వు అర్పించుటకంటె మాట వినుటయు శ్రేష్ఠము" అన్నాడు సమూయేలు. మనం చాలాసార్లు ఇలాగే ఒకచోట వినాల్సింది వినకుండా, ఇంకోచోట పెద్ద కానుక ఇవ్వడానికి సిద్ధపడతాం. ద్వితీయోపదేశకాండం 27లో లేవీయులు గట్టిగా పలికితే జనమంతా ఆమేన్ అనాల్సిన శాపాలు పన్నెండు ఉన్నాయి. 28 చదివి వణికేవాళ్లలో 27 చదివేవాళ్లు తక్కువ. పొరుగువాడి సరిహద్దు రాయి జరిపినవాడు, గుడ్డివాడికి దారి తప్పించినవాడు, పరదేశికీ తండ్రి లేనివాడికీ విధవరాలికీ న్యాయం తప్పించినవాడు, ఇవీ ఆ జాబితాలోవి. నేను మీలాంటివాళ్ల ఉత్తరాలు చాలా చదివాను, శాపానికి భయపడి రాసినవాళ్లలో సరిహద్దు రాయి గురించి అడిగినవాళ్లు నాకు తగల్లేదు.

పన్నెండున్నర వేలు ఒక్కసారి ఇవ్వలేరు, సరే. ఆవిడ తలుపు తట్టి, "ఇస్తానన్నాను, వాడేసుకున్నాం, నెలకు వెయ్యి చొప్పున ఇస్తాను" అని చెప్పండి. లేదా అంత మేరకు అద్దెలో తగ్గించండి, మీ ఇద్దరికీ ఏది వీలైతే అది. ఒక చీటీ మీద రాసి ఆవిడకే ఇవ్వండి. ఇది శాపం తెగడానికి కాదు. ఆవిడకు ఆ డబ్బు అవసరం, మీరు మాటిచ్చారు.

రాత్రి మళ్లీ లేవీయకాండం 26 తెరుస్తారు కదా. 39 దాకా మీకు కంఠతా వచ్చే ఉంటుంది. ఈసారి 40 నుంచి చదవండి, 45 దాకా. తమ దోషం ఒప్పుకుంటే నా నిబంధన జ్ఞాపకం చేసుకుంటాను, శత్రువుల దేశంలో ఉన్నా వాళ్లను విడిచిపెట్టను అంటున్న దేవుడు అక్కడ కనిపిస్తాడు. తర్వాత 27వ అధ్యాయం, మొదటి ఎనిమిది వచనాలు. అవి మీ అబ్బాయిని చదివి వినిపించమనండి.